ఓర్బెవెల్ దస్తూరి

మంగళవారం, శుక్రవారం. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు.
తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.
ఊరి కచేరీ తలుపు
అడుగున కాలితో ఒక్క తన్ను తంతేగాని రాదు,
నవంబరు తడికి చెక్క పొంగిపోతుంది.
ఇరవై రెండేళ్ల నా నౌకరీ అంతా ఆ తన్నులోనే ఉంది.

బీరువా నిండా రిజిస్టర్లు.
ఎలుకలు అంచులు కొరికి
మధ్యలో ఊరిని వదిలిపెట్టాయి.
ఊరంటే ఎంతని? అరవై ఒక్కరు.
ఫిర్మెన్ తాత మొన్న పోయాడు గనక, అరవై.

పని లేనప్పుడు తిరగేస్తుంటాను.
రాజు తల తెగిన ఏడు
గుడి గంట దింపి బండికెత్తారు,
ఫిరంగులకి కంచు కావాలట.
"ఎడ్ల మేతకి నాలుగు లీవ్ర్‌లు" అని రాసి ఊరుకున్నాడు గుమాస్తా.
గంట లేని ఊళ్లో పొద్దు ఎలా కుంగిందో రాయలేదు.
కలరా వచ్చిన వారం పదకొండు పేర్లు.
సిరా ఆరకముందే పేజీ తిప్పినట్టున్నారు,
ఈ పక్క చచ్చినవాళ్లు ఆ పక్క
తిరగబడి మళ్లీ కనిపిస్తారు.
బావికి కొత్త చేంతాడు కొనాలా వద్దా, మూడు సమావేశాలు.
ఎవరి మేక ఎవరి చేలో పడిందో, రెండు పేజీలు.

పధ్నాలుగో సంవత్సరం ఆగస్టు.
అందాకా మేయరు ఎవారిస్త్ కోల్నే రాత,
నాగలి పట్టిన చేయి కదా,
అక్షరాలు దుక్కిలో దిగబడి ఉంటాయి.
ఆగస్టు తర్వాత సంతకం అదే. చేయి వేరు.
ఏడేళ్లు చూస్తూ కూడా నేను చూడలేదు.
ఓ చలికాలం కరెంటు పోయి, కొవ్వొత్తి పెట్టుకుంటే
వెలుగు ఏటవాలుగా పడి
'ర' అక్షరానికి సన్నని తోక.
అదే తోక బడి హాజరుపట్టీలో:
సెలెస్తీన్ వోత్రె, పంతులమ్మ.

నాలుగేళ్లు ఆవిడే మేయరు.
గుర్రాలు ఎన్నో లెక్క రాసింది, సైన్యం తోలుకుపోయింది.
పదేళ్ల పిల్లల్ని గోధుమ కోతకి పంపి
హాజరుపట్టీలో అందరికీ జ్వరం అని రాసింది.
తంతి వచ్చిన రోజున ఎవరి గడప ముందు ఎంతసేపు నిలబడిందో
ఎక్కడా లేదు.
ఆ తేదీల్లో సిరా మాత్రం పలచగా ఉంది.
సిరా కరువేమో. నేనేమీ ఊహించను.

పదిహేడు మార్చిలో, పోయినవాళ్ల వరసలో,
ఎవారిస్త్ కోల్నే.
ఆ కిందే, ఆ రోజే, మేయరు సంతకం:
ఎవారిస్త్ కోల్నే.
తన చావుకి తనే సాక్షి.
ఊరు చూసే ఉంటుంది. నోరు మెదపలేదు.

తర్వాతవన్నీ టైపు మిషను కాలం.
అరవై నాలుగులో కమతాలు కలిపారు,
రెండు వందల పన్నెండు చెక్కలు పంతొమ్మిది అయ్యాయి.
ముళ్లకంచెలు బుల్డోజరు కింద పోయాయి,
వాటిల్లో గూళ్లు కట్టుకున్నవీ పోయాయి.
అప్పట్నించి గాలికి అడ్డు లేదు.
ఇక్కడ ఆరేసిన దుప్పటి
పక్క ఊళ్లో వెతుక్కోవాలి.

ఆ పక్క ఊళ్లోనే జనవరి ఒకటిన మమ్మల్ని కలిపేస్తున్నారు.
రిజిస్టర్లు జిల్లా కేంద్రానికి పోతాయి,
తేమ లేని గదిలో, ఎలుకల్లేకుండా.
చివరి తీర్మానం రాశాను.
మేయరు ఒదీల్ మాసేఁకి తుంటి ఆపరేషను.
ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది:
"నువ్వే పెట్టెయ్, ఎవరడుగుతారు?"

పెట్టాను.
ఒదీల్ మాసేఁ. ఎంత వెతికినా
ఆ పేరులో 'ర' లేదు.
పైకి వెళ్లి, తేదీ పక్కన,
ఊరి పేరులో ఉంటే
దానికి పెట్టాను తోక.